పక్క గదిలో స్పీకరు

నాకు చీదర ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు. ఎవరైనా టీ జుర్రుమని తాగితే లేచి పక్క గదిలోకి పోతాను. సబ్బు మీద వెంట్రుక కనిపిస్తే ఆ పూట నాది కాకిస్నానమే. "నిన్ను కన్నది అమ్మ కాదక్కా, ఫినాయిలు సీసా" అంటుంది మా తోడికోడలు. అంటే అననీ. ఇంత చీదర మనిషిని తీసుకెళ్లి, పదిమంది చెవుల జిడ్డు పట్టిన హెడ్‌ఫోన్స్ రోజుకు ఎనిమిది గంటలు తగిలించుకుని కూర్చునే ఉద్యోగంలో పడేసింది నా తలరాత. చేరిన మొదటి రోజే వాటి మెత్తలు పీకి పారేసి కొత్తవి తెచ్చి వేసుకున్నాను. అయినా ఆ పాత వాసన ముక్కులో ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

మాది టైపింగ్ ఆఫీసు. బయటివాళ్లు మాటలు రికార్డు చేసి పంపుతారు, మేం విని కాగితం మీదికి దించుతాం. అపార్టుమెంటు సంఘాల మీటింగులు, కంపెనీల వాదులాటలు, వినేవాళ్లు లేని ఉపన్యాసాలు, అన్నీ వస్తాయి. కింద జిరాక్స్ షాపు, పైన మా మూడు గదులు. ముందు గదిలో మేనేజరు, ఫైళ్లు చూసే మేడమ్. నడిమి గదిలో నేను. వెనక గదిలో చెకింగ్ మాస్టారు. మూడు గదుల తలుపులూ పక్క వరండాలోకే. మెట్ల మలుపులో ఎవడో ఒకడు ఉమ్మిపోతూనే ఉంటాడు. ఆ మలుపు దగ్గర నేను ఊపిరి బిగబట్టి రెండేసి మెట్లు ఎక్కుతాను.

చెకింగ్ అంటే ఏమిటో చెప్పాలి. మా ఆఫీసులో ఏ కాగితమూ ఒక్క మనిషి చెవిని నమ్ముకుని బయటికి పోదు. నేను టైపు చేసి ప్రింటు తీసి మాస్టారికి ఇస్తాను. తర్వాత అదే రికార్డింగు మళ్లీ మొదటి నుంచి వేస్తాను. గోడకు కన్నం వేసి వైరు లాగిన స్పీకరు ఒకటి ఆయన బల్ల మీద ఉంటుంది. ఆయన అది వింటూ, ఎర్ర పెన్సిలు పట్టుకుని నా తప్పులు దిద్దుతారు.

చిక్కల్లా నా కంప్యూటరుతోనే. దానికి శబ్దం బయటికొచ్చే కన్నాలు రెండున్నా ముందుది ఎప్పుడో చచ్చిపోయింది. పనిచేసేది వెనక ఉన్న ఒక్కటే. టైపు చేసేటప్పుడు అందులో హెడ్‌ఫోన్స్ పిన్ను పెట్టాలి. చెకింగ్ అప్పుడు అది పీకి స్పీకరు పిన్ను పెట్టాలి. ఆ పెట్టె బల్ల కింద గోడ మూలకు ఉంటుంది. అంటే రోజుకు నాలుగైదుసార్లు నేను మోకాళ్ల మీద బల్ల కింద దూరాలి. అక్కడ ధూళి ఉండలు, కాళ్లు పైకెత్తి చచ్చిన బొద్దింకలు, ఏ కాలం నాటివో గోళ్ల ముక్కలు. ఒకరోజు బల్ల అడుగున ఎవరో అంటించి పోయిన నమిలిన బబుల్‌గమ్ నా జుట్టుకు పట్టుకుంది. బాత్రూములోకి పోయి జుట్టు కత్తిరించుకుని వచ్చి, రెండూ ఒకేసారి తగిలించే ఏర్పాటు చేస్తే తప్ప ఇక ఆ బల్ల దగ్గర కూర్చోనని మేనేజరు ముందు తెగేసి చెప్పాను.

వైర్ల పని చేసే ఆయన మర్నాడే వచ్చాడు. చేతిలో స్ప్లిటరు అనే చిన్న ముక్క. ఒక కొసన పిన్ను, రెండో కొసన రెండు కన్నాలు. పిన్ను కంప్యూటరుకు పెట్టి, ఒక కన్నంలో హెడ్‌ఫోన్స్, ఇంకోదాంట్లో స్పీకరు గుచ్చాడు.

"ఇక మీరు వంగక్కర్లేదమ్మా. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇది పంచుతుంది, ఆపదు. మీ చెవిలో ఏది మోగితే అక్కడా అదే మోగుతుంది. స్పీకరు వద్దనుకుంటే దానికున్న మీట అక్కడే ఆపాలి. సౌండు మీరిక్కడ పెంచితే అక్కడా పెరుగుతుంది."

"సరే సరే" అన్నాను. ఆయన చేతులు తుడుచుకున్న గుడ్డ నా కుర్చీ మీద పెట్టాడు. నా చూపంతా ఆ గుడ్డ మీదే ఉంది.

మా మాస్టారి సంగతి కూడా చెప్పాలి. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి మానుకున్న మనిషి. ఇస్త్రీ చొక్కా, కత్తిరించిన గోళ్లు, జేబులో మడత నలగని రుమాలు. ఆఫీసు మొత్తంలో తాగిన కప్పు తనే కడుక్కునే మగమనిషి ఆయనొక్కరే. నాకు ఆయనంటే చీదర లేదు. నా నోటి నుంచి ఇంతకు మించిన పొగడ్త రాదు. నా బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టే అధికారం మా ఇంట్లోవాళ్లకు లేదు గానీ ఆయనకుంది.

స్ప్లిటరు వచ్చిన కొన్నాళ్లకే మా ఆఫీసుకు ఇంకో రకం పని రావడం మొదలైంది. ఊరి చివర మందుల ఫ్యాక్టరీ ఉంది. అందులో పనిచేసే ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి కమిటీ ఒకటి వేశారు. వాళ్లు చెప్పుకున్నది రికార్డు చేసి, సీలు వేసిన కవర్లో మాకు పంపేవారు. కవరు మీద పేరుండదు, నంబరే. కింద పెద్ద అక్షరాల్లో ఒక షరతు. టైపు చేసే ఒక్కరే వినాలి, దిద్దడమూ వాళ్లే చేసుకోవాలి, మరెవరైనా విన్నట్టు తెలిస్తే ఆ వాంగ్మూలం చెల్లదు, మళ్లీ తీసుకోవాల్సి ఉంటుంది.

మొదటి కవరు వచ్చిన రోజు నేను వెనక గదిలోకి వెళ్లి, "స్పీకరు ఆపేశారా మాస్టారూ" అని అడిగాను.

"ఆపేశానమ్మా. అలాంటివి మనం వినకూడదు" అన్నారాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. కడిగిన కప్పు బోర్లించి పెట్టే మనిషిని ఏమని అడుగుతాం?

ఎనిమిది నెలల్లో పద్నాలుగు కవర్లు టైపు చేశాను. పదిహేనోది మా తోడికోడలిది.

తను ఆ ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్‌లో పనిచేస్తుంది. మా మరిది లారీ మీద పోతే వారానికోసారి వస్తాడు. ఇంట్లో వంటిల్లు ఒక్కటే కాబట్టి మా ఇద్దరికీ పగలంతా ఎలా ఉన్నా పొద్దున్నా సాయంత్రం మాటల యుద్ధం తప్పదు. నేను కడిగిన గిన్నెలు మళ్లీ కడుగుతానని తను వెక్కిరిస్తుంది, తను తుడిచిన గట్టు మీద నేను వేలు రాసి చూపిస్తాను. అలాంటిది మూడు నెలలుగా వెక్కిరించడం మానేసింది. నేను గట్టు మీద వేలు రాసి చూపిస్తే, "సరే అక్కా, మళ్లీ తుడుస్తాను" అంది. అప్పుడే నాకు గుండె గుభేలుమంది.

ఒక ఆదివారం డాబా మీద ఆరిన దుప్పటి చెరో కొస పట్టుకుని మడత పెడుతున్నాం. దుప్పటి మడిచేటప్పుడు ఎదురెదురుగా నడిచి దగ్గరికి రావాలి కదా. దగ్గరికొచ్చినప్పుడు, "మా సూపర్వైజరు మంచివాడు కాదక్కా" అంది. రెండో మడతకు ఇంకొంచెం చెప్పింది. దుప్పటి అయిపోయింది గానీ మాట అవలేదు. మిగతాది మింగేసింది.

కమిటీకి చెప్పమన్నాను. వారం రోజులు నీళ్లు నమిలింది. తర్వాత అడిగింది.

"చెప్పింది ఎవరు టైపు చేస్తారు?"

"మా ఆఫీసులోనే."

"అయితే నేను చెప్పను. ఆ మేడమ్ నన్ను చూసింది, నీ టిఫిన్ డబ్బా మర్చిపోతే తెచ్చిస్తాను కదా."

"మేడమ్ ఫైళ్లు చూస్తుందంతే. వినేది నేను. నా రెండు చెవులు తప్ప ఇంకో చెవి ఉండదు."

"మీ మరిదికి కూడా తెలీని మాటలున్నాయి."

"నాకు తెలిస్తే నీకు కొత్తగా పోయే పరువేముంది? పెళ్లికి తల నిండా పేలు వేసుకుని వచ్చావు. నీకు పేలమందు రాసింది ఎవరు?"

మూడు నెలల తర్వాత అప్పుడు నవ్వింది. "ఆ సంగతి ఎవరికైనా చెప్పావంటే చంపేస్తాను" అంది. తర్వాత, "సరే. కమిటీకి కాదు, నీకే చెప్తున్నాననుకుని చెప్తాను" అంది.

కవరు వచ్చింది. బంధువులవి టైపు చేయకూడదని షరతులో రాసి లేదు, నన్నెవరూ అడగలేదు. రాసి ఉన్నా ఇంకొకరి చేతికి ఇచ్చేదాన్ని కాదు.

మా టైపింగులో కాళ్లకూ పని ఉంటుంది. బల్ల కింద పెడల్ ఒకటుంది. మునివేళ్లతో నొక్కితే రికార్డింగు నడుస్తుంది, మడమతో నొక్కితే నాలుగు మాటలు వెనక్కి పోతుంది, కాలు ఎత్తితే ఆగిపోతుంది. మొదటి రోజు సగం అయింది. తను బాగానే చెప్పింది. ఏ షిఫ్టు, ఎవరెక్కడ నిలబడతారు, ఎప్పటి నుంచి. రెండో రోజు మధ్యాహ్నానికి గొంతు తగ్గిపోయింది. "కొంచెం గట్టిగా చెప్పమ్మా" అంటోంది కమిటీ ఆవిడ. తను చెప్పదు. గొణుగుతోంది. నేను సౌండు పెంచాను. చాలలేదు. చివరి దాకా పెంచాను.

"స్టోరు గదిలో అట్టపెట్టెలు పేరుస్తున్నాను. రెండు చేతులతో పెట్టె పట్టుకుని ఉన్నాను. ఆయన వెనక నుంచి వచ్చాడు. లేబులు సరిగ్గా అంటించావా చూడాలన్నాడు. లేబులు పెట్టెకి ముందువైపు ఉంది. ఆయన చెయ్యి నా నడుం మీద ఉంది. పెట్టె వదిలేస్తే లోపల సీసాలు పగులుతాయి. పగిలితే నన్నే అంటారు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. తర్వాత చెయ్యి తీశాడు. సరిగ్గానే అంటించావు అన్నాడు. నేను..."

ఆ తర్వాత ఒక మాట ఉంది. వినపడటం లేదు. మడమతో వెనక్కి తిప్పాను. మళ్లీ తిప్పాను. మూడోసారీ దొరకలేదు. కళ్లు మూసుకుని, హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకు అదిమి పట్టుకుని నాలుగోసారి విన్నాను.

"నేను థాంక్యూ సార్ అన్నాను."

కమిటీ ఆవిడ, "ఇది చెప్పడం మంచిదైందమ్మా. నువ్వెంత భయపడిపోయావో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది" అంది.

నాకు ఏడుపొచ్చింది. వాడి చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ, తడిగా ఉంటుందని ఎందుకో అనిపించింది. మాటలు ఉన్నవున్నట్టు పడాలి కదా అని ఇంకోసారి వెనక్కి తిప్పాను. ఈలోగా చెవి చెమట పట్టి దురద పెట్టింది. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని చెంగుతో చెవి తుడుచుకున్నాను. కాలు మాత్రం పెడల్ మీదే ఉండిపోయింది.

తన గొంతు ఆగలేదు.

సౌండు చివరిదాకా పెట్టాను కదా, హెడ్‌ఫోన్స్‌లోంచి వస్తోందనుకున్నాను. రెండు మెత్తలూ ఒకదానికొకటి అదిమి పొట్టకు హత్తుకున్నాను. గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. లేబులు పెట్టెకి ముందువైపు ఉంది, అంటోంది. గోడలోంచి వస్తోంది. సరిగ్గానే అంటించావు అన్నాడు, నేను థాంక్యూ సార్ అన్నాను.

కాలు ఎత్తాను. గొంతు ఆగింది.

గోడ అవతల ఒక మగగొంతు సన్నగా, ఆడగొంతు చేసుకుని, "థాంక్యూ సార్" అంది. నవ్వులు. ఒకటి కాదు, మూడు నాలుగు గొంతులు. కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు.

"ఆపేసిందే" అన్నారెవరో.

"ఉండండి, మళ్లీ వేస్తుంది. మంచి చోటు వస్తే మూడు నాలుగుసార్లు వెయ్యందే వదలదు."

ఆ చివరి గొంతు మాస్టారిది.

నేను లేచి వెళ్లి తలుపు తోశాను. తలుపు గడియ కూడా వేసుకోలేదు, అంత ధైర్యం. బల్ల చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మేనేజరు చెప్పులు విప్పి కాలు మీద కాలు వేసుకుని బొటనవేలు ఆడిస్తున్నాడు. కింద జిరాక్స్ షాపు అతను గోడకు ఆనుకుని ఉన్నాడు. ఫైళ్ల మేడమ్ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటోంది, ఇంకో చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. ఆ బిస్కెట్టు నా డబ్బాలోది. స్పీకరు బల్ల మధ్యలో ఉంది, దాని చిన్న పచ్చదీపం వెలుగుతోంది. అందరూ స్పీకరు వైపు కాస్త వంగి ఉన్నారు. మా మాస్టారు ముందుకు వంగి చెవి ఒగ్గి, కళ్లు సగం మూసుకుని ఉన్నారు. ఆయన కింది పెదవి మీద టీ తడి మెరుస్తోంది. ఆయన పెదవి తడిగా ఉండటం అన్నాళ్లలో నేను ఎప్పుడూ చూడలేదు.

"చెకింగ్ కదమ్మా" అన్నాడు మేనేజరు. అందరికంటే ముందు అతనికే మాట దొరికింది.

"వీటికి చెకింగ్ లేదు."

"రూలు ప్రకారం లేదు. కానీ తప్పులు పోతే ఆఫీసుకే చెడ్డపేరు. అయినా ఇంత రాద్ధాంతం ఎందుకు? బయటివాళ్లు ఎవరున్నారు ఇక్కడ?"

నేను జిరాక్స్ అతని వైపు చూశాను. అతను కప్పు అక్కడే పెట్టి గోడ వెంట జరిగి జరిగి తలుపులోంచి జారుకున్నాడు. అతని బావమరిది అదే ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలా ఉంటాడు. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

మేడమ్ ముక్కు ఎగబీల్చింది. "నేను నవ్వలేదు, ఒట్టు. మీ తోడికోడలి గొంతని మొదటి రోజే గుర్తుపట్టాను. ఎంత ఏడ్చానో మాస్టార్ని అడుగు."

"గుర్తుపట్టి?"

"పాపం అనిపించింది."

"పాపం అనిపించి రెండో రోజు కూడా వచ్చి కూర్చున్నావు."

మేడమ్ బిస్కెట్టు ఏం చేయాలో తెలియక నోట్లో పెట్టుకుంది. ఏడుపూ తిండీ ఒకే నోట్లో ఎలా పడతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాస్టారు రుమాలు తీసి పెదవి తుడుచుకున్నారు. తప్పు చేసి దొరికిన మనిషిలా కూడా లేరాయన.

"నువ్వు ఆవేశపడకు తల్లీ. నేను నవ్వింది ఆ అమ్మాయిని కాదు. ఆ సందర్భం అలాంటిది. ముప్పై ఏళ్లు కాపీ కొట్టిన వ్యాసాలు దిద్దాను. ఇన్నాళ్లకు నిజమైన మాట విన్నాను. ఎంత బాగా చెప్పిందో చూడు, లేబులు ముందువైపు ఉంది, చెయ్యి నడుం మీద ఉంది. కల్పించి ఎవరూ అలా చెప్పలేరు. ఆ నాలుగో అమ్మాయి కూడా బాగా చెప్పింది గానీ, దీని ముందు చాలదు."

నాలుగో అమ్మాయి. అంటే మొదటి నుంచీ.

ఒళ్లంతా గొంగళిపురుగు పాకినట్టయింది. పద్నాలుగు మంది. ఒకామె చెప్తూ చెప్తూ మంచినీళ్లు అడిగింది. ఇంకొకామె పేరు చెప్పడానికి భయపడి నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని చెప్పింది, ఆ పేరు కోసం నేను ఏడుసార్లు వెనక్కి తిప్పాను. వాళ్ల గొంతు తగ్గిన ప్రతిచోటా నేను సౌండు పెంచాను. ఎవరూ వినకూడదని వాళ్లు ఏ మాటలు గొణిగారో, సరిగ్గా ఆ మాటలే ఏరి, పెంచి, మూడేసి సార్లు వినిపించాను వీళ్లకి. వీళ్లు చెవి కోసుకుని కూర్చుంటే నేను వడ్డించాను. బల్ల కింద దూరడం అసహ్యమని వైరు వేయించుకున్నదాన్ని, గోడ అవతల ఏం జరుగుతోందో ఒక్కరోజు తల పెట్టి చూడలేదు. ఎదుటివాళ్ల గోళ్ల ముక్కలు కనిపించే కళ్లు నావి. పచ్చదీపం కనిపించలేదు.

"ఇన్నాళ్లూ నన్ను తల్లీ అన్నారు మీరు" అన్నాను మాస్టారితో.

"ఇప్పుడూ అంటాను."

"అనకండి."

నా గదిలోకి వచ్చి బల్ల కింద దూరాను. మోకాళ్ల కింద ఏం నలిగిందో చూసుకోలేదు. స్ప్లిటరు పీకి సంచిలో వేసుకున్నాను. కవరు, రికార్డింగు, టైపు చేసిన పేజీలు అన్నీ సర్దుకున్నాను. మేనేజరు గుమ్మం దగ్గర అడ్డం నిలబడి, "ఆ వైరు ఆఫీసుది" అన్నాడు. వైరు గురించి తప్ప అతనికి అడగాల్సింది ఇంకేమీ తోచలేదు. "రాసి ఇవ్వండి, కమిటీకి చూపించి తిరిగిస్తాను" అన్నాను. పక్కకు తప్పుకున్నాడు. మెట్ల మలుపులో ఆ రోజు ఊపిరి బిగబట్టలేదు.

బస్సులో కూర్చుని కమిటీకి ఉత్తరం రాశాను. ఎవరెవరు విన్నారో, ఎప్పటి నుంచో రాశాను. వైరు అడిగింది నేనని రాశాను. స్పీకరు ఆగిందో లేదో మళ్లీ చూడనిది నేనని, సౌండు పెంచింది నేనని కూడా రాశాను. సంతకం పెట్టబోయి ఆగాను. ఇది ఇస్తే ఆ పద్నాలుగు వాంగ్మూలాలతోపాటు మా తోడికోడలిదీ చెల్లదు. తను మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఇవ్వకపోతే వాళ్లు ఇంకో వైరు తెచ్చుకుంటారు, నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, పదహారో ఆమె వస్తుంది. దీని మీద నా ఒక్కదాని సంతకం చాలదు. అడగాల్సింది తనని.

ఇంటికి వచ్చేసరికి తను వంటింటి గట్టు దగ్గర నిలబడి ఫ్యాక్టరీ కోటుకు ఊడిన గుండీ కుడుతోంది. నన్ను చూసి, "ఇవాళ పెందరాళే వచ్చావే, ఆఫీసులో ఎవరైనా తుమ్మారా?" అంది. వారం రోజులుగా మళ్లీ వెక్కిరించడం మొదలుపెట్టింది. చెప్పేశాక బరువు దిగిందంది.

చెప్పాను. కూర్చోకుండా, తన కళ్లలోకి చూస్తూ చెప్పాను. సగంలో తను సూది కోటుకే గుచ్చి పక్కన పెట్టింది. నేను అయిపోయిందన్నాక, "ఆ మేడమ్ కూడానా?" అంది.

"కూడా."

"నీ డబ్బా ఇచ్చిన ప్రతిసారీ నన్ను కూర్చోమనేది."

గ్లాసుతో నీళ్లు ముంచుకుని తాగకుండా పట్టుకుని నిలబడింది. నేను ఉత్తరం గట్టు మీద పెట్టాను. ఇస్తే ఏమవుతుందో, ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పాను. తను దాని వైపు చూడలేదు.

"నవ్వారన్నావు. ఎక్కడ నవ్వారక్కా?"

"చాలా చోట్ల కాదు."

"ఎక్కడ?"

"గుర్తులేదు."

"నాలుగేళ్ల క్రితం నేను గిన్నె సరిగ్గా తోమలేదని ఏ రోజో ఏ గిన్నో చెప్తావు నువ్వు. ఎక్కడ నవ్వారో చెప్పు."

అబద్ధం చెప్పాలనే ఉంది. కానీ అప్పటికే ఒక మాట ఇచ్చి తప్పాను. "థాంక్యూ సార్ అన్నావు చూడు, అక్కడ" అన్నాను.

తను గ్లాసు గట్టు మీద పెట్టింది. చాలా నెమ్మదిగా, చప్పుడు కాకుండా పెట్టింది. ముఖంలో ఏడుపు లేదు. నేను సబ్బు మీద వెంట్రుకను ఎలా చూస్తానో, అలా తన రెండు చేతుల్నీ చూసుకుంది.

"అది చెప్పకూడదనే వెళ్లాను" అంది. "వాడు చేసిందంతా చెప్పొచ్చు, వాడు చేశాడు కాబట్టి. అది నేనన్న మాట కదా. ఎందుకన్నానో నాకే తెలీదు. రోజూ పడుకునే ముందు అదే గుర్తొస్తుంది. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. అక్కడ కూర్చున్నాక, వినేది నువ్వే కదా అనిపించింది. నువ్వైతే నవ్వవు అనిపించింది."

"నేను నవ్వలేదే."

"నువ్వు నవ్వలేదు. నవ్వేవాళ్లకి నువ్వే వినిపించావు."

నా మీద నాకే చీదర పుట్టింది. దాన్ని వదిలించుకోవడానికి లేచిపోయే పక్క గది ఏదీ లేదు.

తను ఉత్తరం తీసి మొత్తం చదివింది. పెన్ను కోసం నా సంచిలో చెయ్యి పెట్టింది. పెన్ను నా చేతిలో పెట్టింది.

"సంతకం పెట్టి రేపే ఇచ్చేయ్. ఆ పద్నాలుగు మందికీ తెలియాలి. నేను మళ్లీ వెళ్లి చెప్తాను. స్టోరు గది, పెట్టె, లేబులు, అన్నీ చెప్తాను. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్తాను. ఆ మాట మాత్రం ఇంక చెప్పను."

"అదే ముఖ్యమంది కమిటీ ఆవిడ" అన్నాను. "నువ్వెంత భయపడ్డావో దానితోనే తెలుస్తుందంది."

"తెలియకపోనీ" అంది. కోటు తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.